మాడితేనే మంచి గుడ్డ

ఓవెన్ ట్రేలో రెండు నూలుగుడ్డ ముక్కలు. ఒకటి బొగ్గులా నల్లగా ఉంది. రెండోది తెల్లగానే ఉంది, అంచు మాత్రం కాస్త పసుపెక్కింది.

నల్లది మంటనాపే మందులో ముంచింది. తెల్లది ముంచనిది.

నిప్పు దగ్గర పనిచేసేవాళ్లకు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. ఓనరుగారి అల్లుడు మేనేజరై వారమే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. మందే గుడ్డను మాడ్చేస్తోందని కనిపెట్టి, మురిసిపోయి, మందు తొట్టి ఖాళీ చేయించాడు.

గుడ్డలు కాల్చి చూడటమే నిప్పక్క ఉద్యోగం. నాలుగు రోజుల సెలవు తర్వాత వచ్చేసరికి తొట్టిలో బల్లి తిరుగుతోంది.

తలుపు తట్టకుండా మేనేజరు గదిలోకి వెళ్లింది. తెల్లనివన్నీ పాలు కావంది. మందు పట్టిన నూలు ముందే మాడుతుందనీ, మాడటమే దాని పననీ, ఆ బొగ్గుపొరే మంటకు అడ్డమనీ చెప్పింది.

అల్లుడుగారు ట్రే ముందుకు తోశాడు. తనకు కళ్లున్నాయన్నాడు.

"చేతులూ ఉన్నాయిగా బాబూ. పట్టుకోండి."

రెండు చేతులకూ రెండు కొత్త ముక్కలిచ్చింది. పటకారు కావాలా అని అడిగింది. అక్కర్లేదన్నాడు.

అగ్గిపుల్ల గీసింది.

మందు ముక్క నల్లబడి, ముడుచుకుని, పుల్ల తీయగానే ఆరిపోయింది.

రెండోది ఒక్క క్షణం పెళ్లికొడుకులా నిగనిగలాడింది. తర్వాత భగ్గుమంది.

అల్లుడుగారి ఎడమ కనుబొమ్మ సగం పోయింది.

ఏమిటా కంపు అని పక్కగదిలోంచి మామగారు అడిగారు.

"పరీక్ష, మామయ్యా."

"పాసేనా?"

అల్లుడు మిగిలిన కనుబొమ్మ తడుముకున్నాడు.

మందు లేనివి ఎన్ని బయటికెళ్లాయని నిప్పక్క అడిగింది. పొద్దున బండిలో అరవై చొక్కాలు, పక్కవీధి ఫౌండ్రీకి అన్నాడు.

ఆమె తమ్ముడు అక్కడే కరిగిన ఇనుము పోస్తాడు. షిఫ్టు రెండింటికి. గడియారంలో ఒకటీ యాభై.

ఇద్దరూ పరుగెత్తారు. కారు తాళాలు టేబుల్ మీదే ఉండిపోయాయి.

ఫౌండ్రీ గేటు దగ్గర కొత్త చొక్కాల వరస నిలబడి ఉంది. కాజాలు బిగువని తిట్టుకుంటున్నారు.

"విప్పరా," అంది తమ్ముడితో.

"ఇంతమందిలోనా? ఏమైందక్కా?"

చిన్నప్పుడు బడి నుంచి రాగానే విప్పినట్టు, పై గుండీతో మొదలుపెట్టింది.

పక్కన అల్లుడుగారు, ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, కింది గుండీ నుంచి విప్పుకొస్తున్నాడు.