పెరట్లో తెరిచిన టిన్ను

"ఆ డబ్బా ఈ గడప దాటి లోపలికి వచ్చిందంటే, నేను దాటి బయటికి పోతాను," అంది శకుంతల, వంటింటి పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"లోపలికి తేలేదు కదండీ. ఇక్కడే చేస్తున్నా," అంది కోడలు వైష్ణవి తలెత్తకుండా.

బట్టలుతికే బండ మీద పాత పేపరు పరిచి, టిన్ను రింగు పట్టుకుని లాగింది. నూనెలో ఒత్తుగా పేర్చిన సార్డిన్ చేపలు బయటపడ్డాయి. వాసన పెరడంతా కమ్ముకుంది. శకుంతల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఆ ఇంట్లోకి తాతల నాటి నుంచీ కోడిగుడ్డు కూడా గేటు దాటి రాలేదు. ఇవాళైతే ఉల్లిపాయ కూడా తరగలేదు. అలాంటి రోజు చూసి కోడలు ఏకంగా చేపలే ముందేసుకుని కూర్చుంది.

"ఎవరికోసం ఈ ఘనకార్యం?"

"ఆయనకి. తెలిసి కూడా అడుగుతారేంటి?"

"నువ్వు నేర్పిన పాడు తిండి నా కొడుక్కి నా ఇంట్లో పెట్టనివ్వను."

"నేను నేర్పలేదు. డాక్టరు చెప్పాడు."

అదీ నిజమే. ఆమధ్య ప్రవీణ్‌కి ఛాతీ పట్టేసినట్టుంటే విజయవాడలో చూపించారు. నెయ్యి, వేపుళ్లు తగ్గించి, మధ్యధరా సముద్రం ఒడ్డు దేశాలవాళ్లలాగా చేపలు, ఆలివ్ నూనె, పచ్చికూరలు తినమన్నాడు డాక్టరు. ఆ మాట శకుంతల చెవిన వేసే ధైర్యం మొగుడికీ లేకపోయింది, పెళ్లానికీ లేకపోయింది. ఆవిడకి సంగతి తెలిసింది ఈమధ్యే. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టని వైష్ణవి, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. మొదటిసారి టిన్నులోవి పచ్చి చేపలే అనుకుని, తోటలో కూలి ఆడవాళ్లు కడిగినట్టు పసుపూ ఉప్పూ వేసి రుద్ది రుద్ది కడిగింది. చివరికి చేప మిగల్లేదు, పసుపునీళ్లు మిగిలాయి. ప్రవీణ్ పడీ పడీ నవ్వాడు.

ఇవాళ ఆ పొరపాటు చెయ్యలేదు. టిన్నులో నూనె వంచేసి, చేపల్ని ఫోర్కుతో మెదిపింది. నిమ్మకాయ పిండి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, సన్నగా తరిగిన టమాటా, కొత్తిమీర కలిపి, పైన ఆలివ్ నూనె చుట్టూ తిప్పి పోసింది. కీరాని చక్రాల్లా కోసి ఒక్కో చక్రం మీద ఒక్కో చెంచా ఉంచింది. ఉప్పు చూడలేదు. ఆమె ఎప్పుడూ అంతే, అంచనా మీదే వేస్తుంది.

శకుంతల చెల్లెలు సాయిలక్ష్మి లోపలి నుంచి తొంగిచూసింది.

"అక్కా, వేళవుతోంది. వాడికి పెట్టందే మిగతావాళ్లకి విస్తళ్లు వెయ్యలేం. హాల్లో అందరూ ఎదురు చూస్తున్నారు." అంతలో ఆమె చూపు ప్లేటు మీద పడింది. రామరామ అనుకుంటూ వెనక్కి పోయింది.

"విన్నావుగా," అంది శకుంతల. "ముద్దపప్పు, మామిడికాయ పులిహోర, నెయ్యి పోసి పూర్ణాలు, అన్నీ నా చేత్తో చేశాను. వాడికవి చాలు. ఇది తీసుకెళ్లి కాలవలో పారెయ్."

"ఆ నెయ్యి..." అనబోయి వైష్ణవి మాట మింగేసింది.

"అనెయ్. నా వంటే వాణ్ణి పాడుచేసిందనేగా?"

"నేనన్లేదు."

"నోటితో అంటేనేనా? నీ మొహం చూస్తే తెలియట్లేదూ? నీ చేపలు తిని వాడేం బాగుపడ్డాడు?"

వైష్ణవి చేతిలో ఫోర్కు ఆగిపోయింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అత్తగారి మాటలు పడుతూనే ఉంది గానీ, ఆ మనిషి మీద ఇంత అసహ్యం ఎన్నడూ కలగలేదు.

"ఆయన ఇది ఎక్కడ తినేవారో తెలుసాండీ మీకు? ఆగిరిపల్లి తోటలో, పాక వెనక నిలబడి. మీరు చూస్తే ఏడుస్తారని. తిన్నాక చేప వాసన పోవాలని పచ్చి మామిడికాయ కోసి, ఆ ముక్కతో చేతులు రుద్దుకునేవారు. సొన పడి వేళ్లు పొక్కినా మానలేదు."

"కాయలు కోసి కోసి పొక్కాయన్నాడే," అంది శకుంతల. "కూలీలతో సమానంగా కష్టపడుతున్నాడని వీధంతా చెప్పుకున్నాను. కొబ్బరినూనె కూడా రాశాను."

"రాశారు. అమ్మని మోసం చేస్తున్నానని నా దగ్గర బాధపడ్డారు."

"వాడిచేత నాకు అబద్ధం చెప్పించావు."

"నిజం చెబితే తిననిచ్చేవారా? ఇన్నాళ్లూ దొంగలా తిన్నారు. ఇవాళ ఒక్కరోజైనా సొంత ఇంట్లో, దర్జాగా తినాలి. నాకు కావలసింది అంతే."

శకుంతల చూపు ప్లేటు మీద నిలిచిపోయింది. కొంగు ముక్కు మీంచి జారిపోయినా సర్దుకోలేదు. లోపలి నుంచి సాయిలక్ష్మి మళ్లీ పిలిచింది.

"ఇటివ్వు," అంది శకుంతల చెయ్యి చాపి.

"పారెయ్యకండి."

"ఇటివ్వవే."

ప్లేటు లాక్కుని, ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని లోపలికి నడిచింది. వైష్ణవి గబగబా వెంటపడింది. శకుంతల చెత్తబుట్ట దాటింది. వంటిల్లు దాటింది. హాల్లోకి రాగానే చుట్టాలంతా మాటలు ఆపేశారు. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఆమె ఎవరివైపూ చూడకుండా తిన్నగా ప్రవీణ్ గది గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగింది.

"వాడు తింటున్నప్పుడు ఎవరూ లోపలికి రాకండి," అంది.

దండ వేసిన కొడుకు ఫొటో ముందు ప్లేటు పెట్టి, బయటికి వచ్చి తలుపు వేసింది.