డిస్కు నోరు

డిస్కులకు మాటలొచ్చాక తెనాలిలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది పెళ్లి వీడియోలు తీసే సాకేత్. పూర్వం వీడియో ఆలస్యమైతే, తెర మీద ఎవరికీ అర్థంకాని నాలుగు అంకెలు చూపించి "డిస్కు పోయిందండీ" అనేవాడు. ఇప్పుడు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఏం చెయ్యాలో డిస్కే ఇంటి భాషలో చెప్పాలని చట్టం వచ్చింది.

కూతురి పెళ్లి వీడియో కోసం ప్రత్యూష గారు మనవణ్ణి చంకనేసుకుని కొట్లోకి వచ్చారు. మనవడు పుట్టాడు గాని వీడియో రాలేదు.

"డిస్కు కొంచెం..." అని నసిగాడు సాకేత్.

"నాకేం కాలేదు," అంది డిస్కు. "ఈయన నన్ను ఇంతవరకు తెరవలేదు. పక్కన కూర్చుని తెరిపించండి."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ముందు అప్పగింతలు పెట్టు. నేనేడ్చిన ఏడుపుకి పందిరంతా కళ్లు తుడుచుకుందంటే మా వియ్యపురాలు నమ్మట్లేదు. సాయంత్రం వాళ్లింట్లో అందరి ముందూ వెయ్యాలి."

డిస్కు వెతికింది.

"మీ ఏడుపు దొరకలేదు. ఫైలు చెడలేదు, మీరే అక్కడ లేరు. ఆ సమయంలో భోజనాల దగ్గరి కెమెరాలో ఉన్నారు. మిగిలిన కాజాల బుట్టని బల్ల కిందికి తోస్తున్నారు. ఇప్పుడు ఏడిస్తే కలుపుతాను."



ప్రత్యూష గారు కుర్చీ సాకేత్ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు.

"డిస్కు పోయిందని మా వియ్యపురాలికి నువ్వే ఓ మాట చెప్పకూడదూ, నాయనా?"