లాల్‌దర్వాజాలో ఎర్ర గువ్వలు

"తాతా, ఆ కట్టె పడేయ్!"

స్రవ్య అరుపుకు పాత గోడ మీది గువ్వలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

ముసలాయన కట్టె దించాడు. "పరేషాన్ గాకు బేటా. నేను కొట్టేది..."

"చూస్తున్న గదా! రోజూ గిదే లొల్లి. నా లెక్క అయ్యేదాక ఇటు రాకు, నీకు దండం పెడత."

ఆయన నిద్రలేక ఎర్రబడ్డ ఆమె కళ్లు చూశాడు. ఖాళీ సంచీ దులుపుకుని వెళ్లిపోయాడు.

హమ్మయ్య, అనుకుంది స్రవ్య.

పరిశోధన కోసం మూడేళ్లుగా పొద్దున్నే లేచి గువ్వలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ ఆమె ప్రాణం విసిగిపోయింది. నగరంలో కనిపించే గువ్వలు నాలుగు రకాలు. వాటిలో ఒళ్లంతా ఇటుక రంగు, మెడ మీద నల్ల గీత ఉండేది ఎర్ర గువ్వ. అది ఊరి బయట చేల దగ్గర తిరిగే పక్షి. అది కనిపించే చోట్లు గుర్తుపెట్టే పటంలో స్రవ్య పాతబస్తీ నడుమ, ఈ గోడ ఉన్నచోట ఒక చుక్క పెట్టింది.

ఆమె పరిశోధన చూసే సారు ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టాడు. "చేల పక్షి ఇక్కడెట్ల బతుకుతుందమ్మా? జవాబు తే, సంతకం పెడత."

తాత వెళ్లిన మర్నాడు గోడ మీద ఎర్ర గువ్వలు ఏడు. ఆ తర్వాత మూడు. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు.

ఎదురింటి లక్ష్మీకాంతమ్మ గడప కడుగుతూ అంది. "ఖదీర్ భాయ్ పోయినంక ఇగ అవేం వస్తయి బిడ్డా!"

"ఏ ఖదీర్ భాయ్?"

"గా తాతనే, కట్టె పట్టుకొని కూసుంటుండె. బేగంబజార్ల హమాలీ. గోదాముల కింద పడ్డ సజ్జలు ఊడ్చి, చెరిగి, నువ్వు రాకముందే ఈడ చల్లేటోడు. ఇరవై ఏండ్ల సంది!"

"మరి పిట్టల్ని కొడుతుండె గదా?"

"అయ్యో, గువ్వల్ని గాదమ్మా! పావురాలొచ్చి అంతా బుక్కుతయని వాటిని గెదిమేటోడు."

"ఇప్పుడు యాడున్నడు?"

"బీదర్‌ల, బిడ్డ దగ్గర. ఆమె ఎప్పటిసందో రమ్మంటున్నది, గువ్వలకు ఎవరేస్తరని పోలే. మొన్న పోయిండు. ఎవరో వద్దన్నరంట."

స్రవ్య గోడ కింద కూలబడి పటం తెరిచింది.

సారు అడిగిన జవాబు మూడేళ్లు కట్టె పట్టుకుని ఆమె కళ్లెదుటే కూర్చుంది. దండం పెట్టి మరీ ఆమే దాన్ని వెళ్లగొట్టింది.