తాళాల బొక్కెన

తప్పు తాగినవాడిది కాదు, పోసినవాడిది. వెంకటయ్యకు అది ఏనాడో తేలిపోయిన విషయం. తన భార్య సుబ్బులమ్మను తాగి బండితో గుద్ది చంపినవాడు ఎదురుపడితే ఆయన తల తిప్పుకుని పోతాడు. ఆ రోజు వాడికి మందు పోసి బండెక్కించినవాడు ఎదురుపడితే మాత్రం ఉమ్మేసి పోతాడు.

అందుకే కొత్త ట్రాక్టరు కొన్నందుకు పార్టీ ఇవ్వక తప్పనప్పుడు, వచ్చినవాళ్ల మోటార్‌సైకిళ్ల తాళాలన్నీ ముందే బొక్కెనలో వేయించాడు. బొక్కెన అరుగు మీద తన కుర్చీ కింద పెట్టుకున్నాడు. సీసాలూ తన దగ్గరే. తనే కొలిచి పోస్తున్నాడు. కొడుకు నరేంద్ర ఆ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని, ఇంటి మూల తిరిగి, పెరట్లో కూర్చున్నవాళ్లకు అందిస్తున్నాడు.

మేనల్లుడు జయకృష్ణ లేచి అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఏంది మామా, సగం సగం పోస్తన్నావు? హోమియో మందా ఇది?"

"నిండానే పోస్తన్నా. తాగినోడికి నిండుది కూడా సగమే కనపడిద్ది."

"నాకసలు ఎక్కనే లేదు! నా తాళం ఇయ్యి, పోతా. లక్ష్మీతిరుపతమ్మ చూస్తా ఉంటది."

"ఇయ్యను."

"ఎంత దూరం మామా? కాలవ కట్ట మీద పోతే మా ఊరే."

"ఆ కట్టంటేనే గదరా భయం. నిన్ను పదిలంగా పంపుతానని నీ పెళ్లానికి ఫోన్లో మాటిచ్చా. బండి రేపొచ్చి తీసుకుపో."

"పార్టీ అంటే వచ్చాం గానీ, ఇది పోలీస్ స్టేషనని తెలవదు మామా."

పెరట్లోంచి నవ్వులు వినిపించాయి. వెంకటయ్య నవ్వలేదు.

"ఒరేయ్ నరేంద్రా! బావను ట్రాక్టరు మీద దింపి రా."

నరేంద్ర మూల దగ్గరే ఆగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాడు.

"చూశావా?" అన్నాడు వెంకటయ్య. "ఇంతవాడైనా నా ఎదురుగా నిలబడి మాట్లాడడు. అంత మర్యాద. చుక్క ముట్టడు. వాడు నడిపితే నాకు దిగుల్లేదు."

జయకృష్ణ గొణుక్కుంటూ ట్రాక్టరు మడ్‌గార్డు మీదికెక్కి కూర్చున్నాడు.

పెరట్లో విస్తళ్లు వేయకముందే కబురొచ్చింది. ట్రాక్టరు కాలవలో పడింది.

వెంకటయ్య వెళ్లేసరికి జయకృష్ణను కట్ట మీద పడుకోబెట్టి, ముఖాన పంచె కప్పారు. లక్ష్మీతిరుపతమ్మ ఆయన కాళ్ల మీద పడింది.

"తాళం అడిగినా ఇయ్యలేదంటగా బాబాయ్. నీ అంత జాగ్రత్త ఎవరు పడతారు? మరి ఎట్టా పడింది బాబాయ్, ఎట్టా పడింది?"

నరేంద్ర తడిబట్టలతో కట్ట వారన కూలబడి ఉన్నాడు. తువ్వాలు ఎటో కొట్టుకుపోయింది. వెంకటయ్య వాడి భుజాలు పట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి కుదిపాడు.

"ఏమైందిరా? చెప్పు!"

"నాన్నా..." అని నరేంద్ర నోరు తెరిచాడు.

వాసన గుప్పుమంది. గ్లాసుల్లో తగ్గిన సగం ఎక్కడికి పోయిందో వెంకటయ్యకు తెలిసింది.

"కట్ట జారింది," అన్నాడు ఆమె వైపు తిరగకుండా. ఆ సంగతి ఆయన మళ్లీ ఎవరితోనూ ఎత్తలేదు. కొడుకుతో కూడా.