అప్పజెప్పని చిలుక

గింజలు దాచిపెట్టే వ్యాపారం మొదలుపెట్టిన నాడు ఉడుత చారుడి దగ్గరున్నవి పన్నెండు వేరుశనగ కాయలు. ఏడాది తిరిగేసరికి అడవిలో సగం ఎలుకల గింజలు అతని చేతిలోనే ఉన్నాయి. లెక్కలు చిటికెలో కట్టేవాడు గానీ, పాతిన చోటు ఏ ఉడుతకూ గుర్తుండనట్టే అతనికీ గుర్తుండేది కాదు. అందుకే ఎవరివి ఎక్కడ పాతాడో చిలుకమ్మకు చెప్పేవాడు. ఆమె కంఠస్థం చేసేది. ఆమెకేమైనా అయితే ఎలాగని ఆమె మేనల్లుడికీ అవే వినిపించేవాడు. జీతం రోజుకో జామపండు.

"అన్నీ గుర్తున్నాయా?" అని అడిగితే, "ఎందుకు లేవు బావా!" అనేవాడు మేనల్లుడు, పండు కొరుకుతూ.

వానలకు ముందు చిలుకమ్మను డేగ తన్నుకుపోయింది. మర్నాడే నెలలు నిండిన చిట్టెలుక వచ్చి తన గింజలు అడిగింది. చారుడు ధీమాగా మేనల్లుడిని పిలిచాడు.

"అదీ... ఏదో పొద దగ్గర," అన్నాడు వాడు.

"ఏ పొదరా? అడవి నిండా పొదలే కదా!" చారుడి తోక నిక్కబొడుచుకుంది. "ఏడాదిపాటు నా పండ్లు మెక్కి నువ్వు చెప్పేది ఇదా?"

"ఒక్కరోజైనా అప్పజెప్పమన్నావా బావా? గుర్తున్నాయా అన్నావు, ఉన్నాయన్నాను."

"చాలించండి ఇద్దరూ!" చిట్టెలుక కస్సుమంది. "వాడు తిన్నది నీ పండు. నువ్వు పోగొట్టింది నా పిల్లల తిండి!"

చారుడు గబగబా చెట్టెక్కాడు. కలిసొచ్చాయని తొర్రలో దాచుకున్న ఆ మొదటి పన్నెండు కాయలూ తెచ్చి ఆమె ముందు పోశాడు. తర్వాత వాగు అవతల ఉండే గోరింకను చిలుకమ్మ పనికి అడగడానికి బయలుదేరాడు. జీతం మాట ఎత్తకముందే, విన్నదంతా ఒకసారి అప్పజెప్పమనాలి.