దోమ దించిన పురుగు

తేనెపట్టులోకి ఒక దోమ చిన్న పురుగును దించిపోయింది. అక్కడ ఎవరినైనా వాసనతోనే గుర్తుపడతారు. కావలి ఈగలు వాసన పట్టేలోపే పురుగు పిల్లల గదిలో దూరి, మైనం మూత కింద నక్కి, వందలుగా పెరిగి బయటపడింది. పట్టు మొత్తం గజగజ వణికింది, తర్వాత నిప్పులా కాగింది. పిల్లలు సగం పోయాయి.

చచ్చిన పురుగు తోలొకటి ముసలి ఈగ దాచిపెట్టింది. రోజూ కావలి ఈగల ముందు పెట్టి, “ఈ వాసన తగిలితే చాలు, కుట్టేయండి” అని నేర్పింది.

దోమ మళ్ళీ పురుగులను దించింది. కావలి ఈగలు ఆ వాసన ఉన్నవాటన్నిటినీ కుట్టి చంపాయి. కానీ ఒకటి తోలు మార్చుకుంది. కొత్త వాసనతో వాటి ముందు నుంచే లోపలికి నడిచింది. మళ్ళీ వణుకు, మళ్ళీ కాక.

పిల్లలను సాకే ఈగ ఖాళీ గదుల మధ్య కూలబడింది. “ఇంకో తోలుతో వస్తే ఏం చేస్తావు, అవ్వా?”

“ఆ తోలు తెచ్చి నేర్పిస్తాను.”

“అది నీ చేతికి దొరికేది మళ్ళీ నా పిల్లలు పోయాకే కదా!”

అవ్వ ఉన్న పాత తోలునే కావలి ఈగల ముందు పెట్టి, “వాసన చూడండి” అంది.

బయట దోమ గుయ్‌మంటూనే ఉంది.