బూచి కోసం క్లిప్పర్

“అన్నయ్య పోయి పట్టుమని పది రోజులు కాలేదు, నువ్వు కుక్కకి క్షవరం మిషను కొనడానికి వచ్చావా?”

బాబాయి గంగరాజు అరుపుకి భీమవరంలోని ఆ పెంపుడు జంతువుల కొట్టులో చిలకలు కూడా నోళ్లు మూసేశాయి. దుర్గాశ్రీ మాత్రం తల తిప్పలేదు. బల్ల మీది డబ్బాల్లో ఒకటి విప్పి, లోపలి క్లిప్పర్‌ని చేత్తో బరువు చూస్తోంది. కాళ్ల దగ్గర, ఆమె తండ్రి పెంచిన కుక్క బూచి తన బొచ్చులో తనే మునిగిపోయి నిద్రపోతోంది.

“రేపు పదో రోజు. కాలవ రేవు దగ్గర పనులన్నీ నా నెత్తిమీద పడ్డాయి. నీకోసం ఊళ్లు పట్టుకుని తిరగమంటావా?”

“ఆ పనులు నాకప్పగించమనే కదండీ మొత్తుకుంటున్నాను? నాన్నకి పిండం నేను పెడతాను బాబాయ్.”

అదీ గొడవ. బుల్లబ్బాయి గారికి దుర్గాశ్రీ ఒక్కతే కూతురు. తలకొరివి నాడు ఏడుస్తున్న ఆ పిల్లని పక్కకి జరిపి, గంగరాజు తన కొడుకు హరిబాబు చేత పని కానిచ్చేశాడు. ఆ హరిబాబు పెదనాన్న మంచాన పడ్డప్పుడు కూడా ఆ గడప తొక్కలేదు. పిండమైనా తన చేత్తో పెట్టకపోతే తను నాన్నకి కూతురినే కాకుండా పోతానని దుర్గాశ్రీ బాధ.

“నీకెన్నిసార్లు చెప్పాలమ్మాయ్? తల తీయించుకున్నవాళ్లే పిండం పెట్టాలి. నీ తల ఎవడు తీస్తాడు? క్షవరం చేసే పోతురాజుకి ముందే చెప్పేశాను. ఆడపిల్ల తలమీద కత్తి పెడితే మనూళ్లో మళ్లీ పని దొరకదని.”

“అదొక్కటేనా అడ్డు?”

“అదొక్కటే. తాతల నాటి నుంచీ అంతే.”

దుర్గాశ్రీ వంగి బూచి వీపు నిమిరింది.

“సరే బాబాయ్. మీ మాటే కానివ్వండి. తల తీయించుకున్నవాళ్లే పెడతారు.”

గంగరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. రేపు ఈ పిల్ల రేవుకొచ్చి పదిమందిలో తన పరువు తీస్తుందని ఆయన బెంగ. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

“అదీ మాట! రేపు పొద్దున్న దీన్ని ముందేసుకుని ఇంట్లో కూర్చో. దీని బొచ్చు తీస్తుంటే నీక్కూడా మనసు కుదుటపడుద్ది. ఏమ్మా, మంచిది చూపించు మా అమ్మాయికి!”

కొట్టులో పనిచేసే రమ్యశ్రీ ముందుకొచ్చింది. “ఇది ట్రిమ్మరండి. చెవులూ, పాదాల దగ్గర సర్దుకోడానికే పనికొస్తుంది. ఒళ్లంతా తియ్యాలంటే క్లిప్పరే తీసుకోండి. జుట్టు ఒత్తేనా అండి?”

“బాగా ఒత్తు. పొడుగు కూడా.”

“అయితే మోటారు గట్టిది కావాలి. ముందు కత్తెరతో పొట్టి చేసుకోండి. పొడుగు జుట్టు మీద నేరుగా పెడితే పీకేస్తుంది. తలంటి పోసి, పూర్తిగా ఆరాకే మొదలెట్టాలండి.”

“వైరు లేనిది ఉందా? రేవు దగ్గర ప్లగ్గు ఉండదు.”

గంగరాజు ఉలిక్కిపడ్డాడు. “రేవేంటి మళ్లీ?”

“బూచిని ఎప్పుడూ అక్కడే కదండీ కడిగేవారు నాన్న? తర్వాతయినా పనికొస్తుందని.”

“ఆఁ, సరే సరే.”

“మోత ఎక్కువ వస్తుందా?” దుర్గాశ్రీ మళ్లీ రమ్యశ్రీనే అడిగింది.

“ఈ రకం మోత తక్కువేనండి. కుక్క బెదిరిపోతుందనా?”

“బెదిరే రకం కాదు. చుట్టూ ఉన్నవాళ్లే అరుస్తారు.”

రమ్యశ్రీ నవ్వి, ప్లాస్టిక్ దువ్వెనలు నాలుగు బల్లమీద పరిచింది. “ఇవి బ్లేడుకి తొడిగితే జుట్టు కొంచెం మిగులుద్దండి. మధ్యమధ్యలో బ్లేడు ముట్టుకుని చూడండి. వేడెక్కితే ఆపెయ్యాలి, లేకపోతే చర్మం కాలుద్ది.”

“దువ్వెన తొడక్కపోతే?”

“అమ్మో, నున్నగా గుండయిపోద్దండి! కుక్కలకి అలా చెయ్యకూడదు. ఎండకి తట్టుకోలేవు.”

“గుర్తుంచుకుంటాను. ఇదే ఇవ్వండి.”

ఆమె పర్సు తీసేలోపే గంగరాజు అడ్డం పడ్డాడు. “ఉంచమ్మా, నేనిస్తాను. అన్నయ్య కుక్క, ఆ మాత్రం చెయ్యలేనా?” అని దర్జాగా డబ్బు కట్టేశాడు. పైగా బ్లేడుకి వేసే నూనె సీసా కూడా దగ్గరుండి ఇప్పించాడు.

తెల్లారింది. కాలవ రేవులో బంధువులంతా మెట్లమీద నిలబడ్డారు. పోతురాజు ఎదుట గొంతుక్కూర్చున్న హరిబాబు ఫోనులో ముఖం చూసుకుంటూ, “పక్కలు తీసేసి పైన కొంచెం ఉంచితే చాలదా?” అని ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు.

పంతులుగారికి విసుగొచ్చింది. “పొద్దెక్కిపోతోందండీ. తల తీయించుకున్నవారు ఎవరో ఒకరు వచ్చి కూర్చోండి.”

“వస్తున్నానండి” అంది వెనక నుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. చీర కొంగు తల నిండుగా కప్పుకుని, బూచి గొలుసు పట్టుకుని దుర్గాశ్రీ మెట్లు దిగుతోంది. గంగరాజు చూపు ముందు కుక్క మీదే పడింది.

“ఇదేంటి? అంత మంచి మిషను కొనిపెడితే దీని బొచ్చు అలాగే ఉందేంటమ్మాయ్? దీన్ని తీసుకుని ఇంటికెళ్లు!”

“బూచికేం తొందర బాబాయ్?”

గొలుసు ఆయన చేతిలో పెట్టి, దుర్గాశ్రీ పంతులుగారి ఎదుట పీట మీద కూర్చుంది. నెత్తిమీంచి కొంగు తీసి నడుముకి దోపుకుంది.

కాలవ గాలికి బూచి బొచ్చు ఊగింది. దుర్గాశ్రీ తలమీద ఊగడానికి ఒక్క వెంట్రుక లేదు.